గాలిలోని మొండి రసాయనాలను ఒక ప్రాంతమంతా కొలవడం ఎలా?

డీడీటీ, లిండేన్ లాంటి పాత పురుగుమందులు, ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీలు, చెత్త తగలబెడితే పుట్టే డయాక్సిన్లు, సోఫాల ఫోమ్‌కు మంట అంటకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు. పుట్టుక వేరైనా వీటన్నిటి గుణం ఒకటే, ఓ పట్టాన విచ్ఛిన్నం కావు. ఎండకు ఆవిరై లేస్తాయి, చల్లబడిన చోట దిగుతాయి, మళ్లీ వేడెక్కితే మళ్లీ లేస్తాయి. అలా గెంతుకుంటూ, వాటిని ఎవరూ ఎన్నడూ వాడని ఆర్కిటిక్ దాకా చేరాయి. అందుకే వీటి మీద ఒక్క ఊళ్లో ఒక్క పరికరం పెట్టి కొలిస్తే సరిపోదు, ప్రాంతమంతా చూడాలి.

ఈ మొండి రసాయనాలను అరికట్టడానికి దేశాల మధ్య 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం 12 రసాయనాలతో మొదలైంది, 2004 మే 17న అమల్లోకి వచ్చింది. జాబితా తర్వాత పెరుగుతూ పోయింది. 2009లో లిండేన్, కొన్ని బ్రోమిన్ రసాయనాలు, పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనం చేరాయి, 2011లో ఎండోసల్ఫాన్ చేరింది. నిషేధాలు నిజంగా పనిచేస్తున్నాయా అని తేల్చుకోవడానికి ఆ ఒప్పందం ముఖ్యంగా నమ్ముకున్నది గాలినీ, తల్లిపాలు లేదా రక్తాన్నీ. నీటిలో కరిగే పీఎఫ్ఓఎస్ లాంటి వాటికి నీటిని కూడా కలిపారు. వాడకం తగ్గితే ఆ తేడా మట్టిలో కంటే గాలిలో త్వరగా కనిపిస్తుంది. మీరు ఇలాంటి నెట్‌వర్క్ మొదలుపెట్టబోతుంటే, లేదా ఎవరో మొదలుపెట్టినది మీ నెత్తిన పడితే, ఈ పద్ధతి పనికొస్తుంది.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

పరికరాల కొటేషన్లు తెప్పించే ముందు ఒక కాగితం మీద ఒకే ఒక వాక్యం రాయండి: మేం దేనికి జవాబు వెతుకుతున్నాం? ప్రాంతం మొత్తం మీద స్థాయిలు ఏళ్ల తరబడి తగ్గుతున్నాయా లేదా అన్నది ఒక ప్రశ్న. ఈ రసాయనం ఎక్కణ్నుంచి వస్తోందన్నది ఇంకొకటి. జనం ఎంత పీలుస్తున్నారన్నది మూడోది. మొదటి దానికి మనుషులకు దూరంగా, ఏ పొగగొట్టం నీడా పడని చోట్లు కావాలి. రెండో దానికి అనుమానం ఉన్న చోటు నుంచి దూరం పోతున్నకొద్దీ వరుసగా చోట్లు కావాలి. మూడో దానికి జనం ఉండే వీధులే కావాలి. ఒకే పది చోట్లతో మూడింటికీ జవాబు చెప్తామని ప్రతిపాదనలో రాస్తే నిధులు రావచ్చేమో గానీ, మూడింటికీ సగం సగం జవాబులే మిగులుతాయి.

తగ్గుదల చూడటమే మీ పని అయితే ఓపిక ఎంత కావాలో కూడా ముందే లెక్కేసుకోండి. పదేళ్లలో స్థాయి సగానికి పడిపోతే ఆ పడిపోవడాన్ని గట్టిగా పట్టుకోగలగాలి అన్నది ఈ రంగంలో సాధారణంగా పెట్టుకునే గురి. అంటే రెండేళ్ల ప్రాజెక్టుతో ట్రెండ్ గురించి మాట్లాడకూడదు.

2. ఏ రసాయనాలు, ఏ ల్యాబు

ఈ రెండూ విడివిడి నిర్ణయాలు కావు. పాత క్లోరిన్ పురుగుమందులు, పీసీబీలు ఒకే నమూనా నుంచి, మామూలు జీసీ-ఎంఎస్‌తో (రసాయనాలను విడదీసి గుర్తించే యంత్రం) చాలావరకు చేయొచ్చు. డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అలా కుదరవు. అవి గాలిలో ఘనపు మీటరుకు ఫెమ్టోగ్రాముల్లో (గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేసి, ఒక ముక్కను మళ్లీ వెయ్యి చేసినంత) ఉంటాయి, హై-రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబు కావాలి, నాలుగు త్రైమాసికాల నమూనాలను కలిపి ఏడాదికి ఒక్క అంకె తీయాల్సి రావచ్చు. ఫ్లోరిన్ రసాయనాల్లో ఇట్టే ఆవిరయ్యే వాటికైతే శాంప్లర్‌లో రసాయనాన్ని పట్టే మామూలు ఫోమ్ పట్టు చాలదు, మెత్తగా నూరిన ఎక్స్ఏడీ రెజిన్ (ఆవిరిని బాగా పీల్చుకునే పదార్థం) పట్టించిన ఫోమ్ వాడాలి. మొదటి ఏడాది జాబితా చిన్నదిగా పెట్టుకుని, సారాన్ని (నమూనా నుంచి ద్రావకంలోకి తీసినదాన్ని) దాచిపెట్టుకుంటే తర్వాత పెంచుకోవచ్చు.

3. శాంప్లర్ ఎంపిక

రెండు దారులున్నాయి. పంపుతో గాలి లాగే హై-వాల్యూమ్ శాంప్లర్ ఒకటి. అందులో ముందు గాజు నార ఫిల్టర్ ధూళిని పట్టుకుంటుంది, వెనక ఫోమ్ ముక్క ఆవిరిని పట్టుకుంటుంది. ఒక రోజులో కొన్ని వందల ఘనపు మీటర్ల గాలి లాగుతుంది, ఎంత లాగిందో కచ్చితంగా తెలుస్తుంది. కెనడాలోని అలర్ట్, స్వాల్‌బార్డ్‌లోని జెప్పెలిన్ స్టేషన్ల లాంటి చోట్ల దశాబ్దాల రికార్డు దీనితోనే కట్టారు. కానీ కరెంటు కావాలి, రోజూ చూసుకునే మనిషి కావాలి. ఇరవై చోట్ల పెట్టడం చాలామందికి అయ్యే పని కాదు.

రెండోది పాసివ్ శాంప్లర్. పంపు లేదు, శబ్దం లేదు. 14 సెంటీమీటర్ల వ్యాసం, 1.35 సెంటీమీటర్ల మందం ఉన్న పాలీయురెథేన్ ఫోమ్ బిళ్ల. చూస్తే అంట్లు తోమే స్పాంజిలా ఉంటుంది. రెండు స్టీలు గిన్నెల మధ్య దాన్ని అడ్డంగా వేలాడదీస్తారు. పెద్ద గిన్నె పైన బోర్లా, చిన్న గిన్నె కింద వెల్లకిలా. మధ్య సందులోంచి గాలి తిరుగుతుంది, ఎండా వానా మాత్రం బిళ్లకు తగలవు. ఇలా మూడు నెలలు ఉంటే బిళ్ల రోజుకు దాదాపు 4 ఘనపు మీటర్ల గాలికి సరిపడా రసాయనాన్ని పట్టుకుంటుంది. కెనడా నడిపే గ్యాప్స్ అనే ప్రపంచ గాలి కొలత నెట్‌వర్క్ 2004 డిసెంబరు నుంచి ఖండాల మీద పెట్టినది ఇదే. చెక్ రిపబ్లిక్‌లోని మసారిక్ విశ్వవిద్యాలయం నడిపే మోనెట్ నెట్‌వర్క్‌దీ ఇదే తరహా. ఏడాదికోసారి మాత్రమే వెళ్లగలిగే మారుమూల చోట్లకు ఎక్స్ఏడీ రెజిన్ నింపిన జాలీ గొట్టం మెరుగు, అది త్వరగా నిండిపోదు.

నా సలహా: చోట్లన్నిటా ఫోమ్ బిళ్లలు పెట్టండి, వీలైతే ఒక్క చోట మాత్రం హై-వాల్యూమ్ శాంప్లర్‌ను పక్కనే నిలబెట్టండి. ఆ ఒక్క చోటు మిగతా చోట్ల అంకెలకు తూకం రాయి అవుతుంది.

4. చోట్లు వెతకడం

మ్యాప్ మీద గళ్లు గీసి గడికొకటి అనుకోవడం చూడ్డానికి బాగుంటుంది. చివరికి చోటు నిర్ణయమయ్యేది మాత్రం అక్కడ తాళం ఎవరి దగ్గర ఉంది అన్నదాన్ని బట్టి. వాతావరణ కేంద్రాలు మంచి చోట్లు. కంచె ఉంటుంది, ఉష్ణోగ్రత, గాలివేగం రికార్డు అక్కడే దొరుకుతుంది, ఆ రెండూ లేకపోతే తర్వాత లెక్క కుదరదు.

నేల నుంచి కనీసం మనిషెత్తు పైన, చుట్టూ గాలి ఆడే చోట పెట్టండి. చెట్ల గుబురు కింద వద్దు, ఆకులు ఈ రసాయనాలను పీల్చుకుంటాయి. మేడ మీదైతే ఏసీ గాలి బయటికొచ్చే చోటికి, వంటింటి పొగ గొట్టానికి దూరంగా పెట్టండి. ఇళ్ల లోపలి గాలిలో బ్రోమిన్ రసాయనాలు, పీసీబీలు బయటికంటే ఎక్కువగా ఉంటాయి. కిటికీ పక్కన పెడితే మీరు కొలిచేది ఆ గదినే. తీరంలోనో కొండ కొమ్మునో గాలి హోరున వీచే చోట బిళ్ల ఎక్కువ వేగంగా పట్టుకుంటుంది, గిన్నెలు ఆ హోరును పూర్తిగా ఆపలేవు. అలాంటి చోటును ఎంచుకోవద్దని కాదు, ఎంచుకుంటే గుర్తుపెట్టుకోండి.

ప్రతి చోటా ఒక మనిషిని పట్టుకోండి. మూడు నెలలకోసారి బిళ్ల మార్చి, కాగితం నింపి, పెట్టె పంపే మనిషి. శిక్షణ, ఫోన్ కాల్స్, పండక్కి శుభాకాంక్షలు, ఫలితాలొచ్చాక వాళ్ల చోటు అంకె వాళ్లకే ముందు చెప్పడం... ఇవన్నీ బడ్జెట్‌లో ఏ పద్దు కిందా రావు. నెట్‌వర్క్ నిలిచేది మాత్రం వీటి మీదే.

5. బిళ్లల తయారీ

కొత్త బిళ్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రసాయనాలుంటాయి. నీళ్లతో కడిగి, సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మరిగించి మళ్లీ మళ్లీ కడిగే గాజు పరికరం) ఒక రోజు అసిటోన్‌తో, ఇంకో రోజు పెట్రోలియం ఈథర్ లేదా హెక్సేన్‌తో ఉడికించి, వాక్యూమ్ డెసికేటర్‌లో ఆరబెట్టండి. ఒక్కో బిళ్లను శుభ్రం చేసిన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, టెఫ్లాన్ పొర ఉన్న మూతతో ముదురు రంగు గాజు సీసాలో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు.

పంపే ముందు బిళ్ల మీద డిప్యూరేషన్ రసాయనాలు కొద్దిగా చల్లుతారు. ఇవి గాలిలో మామూలుగా ఉండనివి. పీసీబీ-30, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిపిన గామా హెచ్‌సీహెచ్ (అంటే లిండేన్), పీసీబీ-107 లాంటివి. మూడు నెలల్లో ఇవి ఎంత ఆవిరై పోయాయో చూస్తే, ఆ చోట గాలి బిళ్లను ఎంత గట్టిగా తాకిందో తెలుస్తుంది. పోవడమూ పట్టుకోవడమూ ఒకే దారిలో జరుగుతాయి కదా, ఆ కిటుకే ఇది. మరీ కొద్దిగా పోతే కొలత లోపం నుంచి విడదీయలేరు, మొత్తం పోతే లెక్కకు ఏమీ మిగలదు. అందుకే ఆవిరయ్యే గుణం వేర్వేరుగా ఉన్న మూడు నాలుగింటిని కలిపి వాడతారు. పీసీబీ-198 లాంటి బరువైనది అసలు పోకూడదు. అది తగ్గిందంటే తప్పు గాలిది కాదు, చేతిది.

6. బిళ్ల మార్చే రోజు

ఈ పని పది నిమిషాలది. ఆ పది నిమిషాలూ నిదానంగా చేయాలి. శాంప్లర్ దగ్గరికి వెళ్లగానే ముందు చూడండి, గిన్నె వంగిందా, లోపల కందిరీగలు గూడు కట్టాయా (కడతాయి, ఆ సందు వాటికి బాగా నచ్చుతుంది). ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. చేతులకు సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకుని ఉంటే కడుక్కుని, పొడి లేని నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. పై గిన్నె ఎత్తి, హెక్సేన్‌తో తుడిచిన పట్టకారుతో పాత బిళ్ల అంచు పట్టి తీయండి. వేళ్లతో కాదు. రెండు పొరల ఫాయిల్‌లో చుట్టి, సీసాలో పెట్టి, మూత బిగించాకే కొత్త సీసా తెరవండి. రెండు సీసాలూ ఒకేసారి తెరిచి పెట్టిన చోట ఏది ఏదో మర్చిపోవడం క్షణం పని. గిన్నెల లోపలి వైపు ద్రావకంతో తుడిచి, కొత్త బిళ్లను అడ్డంగా, గిన్నెల అంచులకు తగలకుండా బిగించండి.

కాగితం మీద సీసా నంబరు, పెట్టిన తేదీ, గంట, తీసిన తేదీ, గంట రాయండి. ఇంకో గడి తప్పకుండా ఉంచండి: "చుట్టుపక్కల ఏమైనా జరిగిందా?" పొలం తగలబెట్టారా, పక్క భవనానికి రంగులు వేశారా, చెత్త అంటుకుందా. ల్యాబులో తల బద్దలు కొట్టుకున్న ఒక వింత అంకెకు జవాబు చాలాసార్లు ఈ గడిలోనే దొరుకుతుంది.

7. బ్లాంకులు

ఫీల్డ్ బ్లాంక్ అంటే శాంప్లర్ దాకా వెళ్లి, సీసా తెరుచుకుని, ఒక్క నిమిషం గిన్నెల మధ్య కూర్చుని, మళ్లీ మూత వేయించుకుని వెనక్కి వచ్చిన బిళ్ల. గాలిని పట్టుకునే టైమ్ దానికి లేదు. అయినా అందులో ఏదైనా దొరికిందంటే, దాన్ని తెచ్చింది మీరే.

మొదట్లో బ్లాంకులంటే నాకూ దండగ ఖర్చే అనిపించేది. ఒక త్రైమాసికంలో బ్రోమిన్ రసాయనాలు అన్ని చోట్లా ఒక్కసారిగా పెరిగాయి. ప్రాంతమంతా ఒకేసారి ఏం జరిగి ఉంటుందా అని మూడు రోజులు మ్యాపులు చూశాం, గాలి దిశలు చూశాం. బ్లాంకులు చూస్తే అవీ పెరిగాయి. చివరికి తేలిందేమిటంటే, సీసాలు పగలకుండా ఎవరో మంచి మనసుతో పెట్టెల్లో పాత కుర్చీ కుషన్ ఫోమ్ ముక్కలు కుక్కారు. మంట అంటని ఫోమ్ అది. సీసా మూత ఒకటి వదులుగా ఉన్నా చాలు. ఆ బ్లాంకులే లేకపోతే మేం ఆ అంకెల మీద ఒక నివేదిక రాసి ఉండేవాళ్లం, అందులో ఎవరినో ఒకరిని నిందించి ఉండేవాళ్లం కూడా.

వీలైనన్ని చోట్ల ఫీల్డ్ బ్లాంకులు పెట్టండి, ప్రతి బ్యాచ్‌లో ల్యాబు బ్లాంకు ఒకటి ఉండాలి, పది నమూనాలకు ఒకటైనా జంట నమూనా (అదే చోట పక్కనే పెట్టిన రెండో బిళ్ల) ఉండాలి. గుర్తింపు హద్దును బ్లాంకుల సగటుకు వాటి ప్రామాణిక విచలనం మూడు రెట్లు కలిపి లెక్కిస్తారు. ఉదాహరణకు బ్లాంకుల సగటు 0.20 నానోగ్రాములు, విచలనం 0.05 అనుకోండి. హద్దు 0.35. మీ నమూనాలో 0.30 వస్తే, యంత్రం దాన్ని ఎంత స్పష్టంగా చూపించినా, మీరు రాయాల్సింది "హద్దు కంటే తక్కువ" అనే.

8. ల్యాబులో

ఇది ల్యాబు వాళ్ల పని కాబట్టి త్వరగా చెప్పేస్తాను. సీసాలు వచ్చీరాగానే మైనస్ 20 డిగ్రీల ఫ్రిజ్‌లోకి పోవాలి, స్టాండర్డ్ ద్రావణాలు ఉన్న ఫ్రిజ్ కాకుండా వేరే దాంట్లోకి. వెలికితీతకు ముందే కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) గుర్తున్న రసాయనాలు కలపాలి, దారిలో ఎంత పోయిందో అవే చెప్తాయి. శుద్ధి దగ్గర ఒక ప్రశ్న మీరు తప్పక అడగండి: సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడుతున్నారా? అది పీసీబీలకు, డీడీటీకి బాగా పనిచేస్తుంది కానీ డీల్డ్రిన్, ఎండోసల్ఫాన్ లాంటివాటిని నాశనం చేస్తుంది. "డీల్డ్రిన్ లేదు" అన్న ఫలితం వెనక ఆమ్లం ఉందేమో చూసుకోకుండా సంబరపడొద్దు.

9. నానోగ్రాముల నుంచి గాలి దాకా

ల్యాబు ఇచ్చేది బిళ్లకు ఎన్ని నానోగ్రాములన్నది. మీకు కావాల్సింది ఘనపు మీటరు గాలికి ఎన్ని పీకోగ్రాములన్నది. బ్లాంకు తీసేశాక ఒక పీసీబీ 1.44 నానోగ్రాములు, అంటే 1440 పీకోగ్రాములు వచ్చిందనుకోండి. 90 రోజులు, రోజుకు 4 ఘనపు మీటర్లు, మొత్తం 360. జవాబు ఘనపు మీటరుకు 4 పీకోగ్రాములు.

లెక్క ఇంత తేలికైతే బాగుండేది. ఆ 4 అన్నది సగటు, చోటును బట్టి మారుతుంది, అందుకే డిప్యూరేషన్ రసాయనాలు వాడింది. ఇంకో చిక్కు ఏమిటంటే, హెక్సాక్లోరోబెంజీన్ లాంటి తేలికైనవాటికి బిళ్ల కొన్ని వారాల్లోనే నిండిపోతుంది. ఆ తర్వాత ఎన్ని రోజులున్నా అది కొత్తగా పట్టుకోదు. దానికి కూడా 360తో భాగిస్తే గాలి ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. ఉష్ణోగ్రత ఎక్కువున్న చోట నిండటం ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి ఒక్కో రసాయనానికీ ప్రభావ పరిమాణం (బిళ్ల నిజంగా ఎంత గాలికి సరిపడా పట్టుకుందో ఆ అంకె) వేరుగా లెక్కించాలి, ఆ లెక్కకు ఆ మూడు నెలల సగటు ఉష్ణోగ్రత కావాలి. నివేదికలో ఎప్పుడూ బిళ్లకు వచ్చిన అసలు నానోగ్రాములను కూడా ఇవ్వండి. రేపు మెరుగైన సూత్రం వస్తే ఎవరైనా మళ్లీ లెక్కించుకోవచ్చు.

10. అంకెలు చదవడం

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఎంత ఉంది అన్నదాని కంటే, ఏది ఎంత నిష్పత్తిలో ఉంది అన్నదే ఎక్కువ చెప్తుంది.

డీడీటీనే తీసుకోండి. అది కాలం గడిచేకొద్దీ డీడీఈగా మారుతుంది. గాలిలో డీడీఈ ఎక్కువగా, పీపీ-డీడీటీ (డీడీటీలోని ప్రధాన రూపం) తక్కువగా ఉంటే చాలావరకు అది పాత నేలల్లోంచి లేస్తున్నది. డీడీటీదే పైచేయి అయితే ఎక్కడో కొత్తగా వాడుతున్నారని అనుమానించాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. డైకోఫాల్ అనే పురుగుమందులో డీడీటీ మలినంగా ఉంటుంది, అందులో ఓపీ-డీడీటీ (డీడీటీలోని ఇంకో రూపం) వాటా పీపీ-డీడీటీ కంటే చాలా ఎక్కువ. మామూలు డీడీటీలో ఓపీకి పీపీకి నిష్పత్తి 0.2, 0.3 దగ్గర ఉంటుంది. నిష్పత్తి ఒకటి దాటిపోయి కనిపిస్తే డీడీటీ వాడకందారుల కోసం వెతకడం ఆపి డైకోఫాల్ వైపు చూడండి.

లిండేన్ కుటుంబమైన హెచ్‌సీహెచ్‌లో ఆల్ఫా రూపానికి గామా రూపానికి నిష్పత్తి చూడండి. పాత సాంకేతిక మిశ్రమంలో అది 4 నుంచి 7 దాకా ఉంటుంది. లిండేన్ అంటే దాదాపు మొత్తం గామాయే, కాబట్టి నిష్పత్తి ఒకటి కంటే కిందికి పడిపోతుంది. ఎండోసల్ఫాన్ కొత్త మిశ్రమంలో ఆల్ఫా, బీటా 7కి 3. అది మారగా ఏర్పడే సల్ఫేట్ పెరిగితే వయసైపోయిందని అర్థం. వీటిని వేలిముద్రల్లా వాడండి, తీర్పుల్లా కాదు. దారిలో ఎండ, వాన, సముద్రం వీటిని మారుస్తాయి.

ఇక రుతువు. వేడికి ఇవి నేలలోంచి లేస్తాయి కాబట్టి వేసవి అంకెను చలికాలం అంకెతో పోల్చి "పెరిగింది" అనొద్దు. వేసవిని వేసవితోనే పోల్చండి. గాలిలోని పాక్షిక పీడనం (ఆ ఒక్క రసాయనపు ఆవిరి ఒత్తిడి) లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమం మీద గీయండి. గీత నిటారుగా ఉంటే రసాయనం చాలావరకు చుట్టుపక్కల నేలల్లోంచే లేస్తోందని, చదునుగా ఉంటే దూరం నుంచి గాలి మోసుకొస్తోందని అనుకోవచ్చు. దూరం అనిపిస్తే అమెరికా వాతావరణ సంస్థ నోవా ఇచ్చే హైస్ప్లిట్‌లో గాలి వచ్చిన దారులు గీయండి. మూడు నెలల బిళ్లకు ఒక్క దారి గీసి చూపించడం అర్థం లేని పని. రోజుకు నాలుగు చొప్పున 360 దారులు గీసి, అవి ఏ వైపు గుమిగూడాయో చూడాలి.

11. ఏళ్ల తరబడి నడపడం

ఫోమ్ సరఫరాదారు మారినా, గిన్నెల కొలత మారినా, ల్యాబు మారినా ట్రెండ్ గీతలో ఒక మెట్టు కనిపిస్తుంది. ఆ మెట్టు గాలిది కాదు. మార్చక తప్పకపోతే కనీసం నాలుగు త్రైమాసికాలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపండి. ల్యాబుల మధ్య పోలిక పరీక్షల్లో ఏటా పాల్గొనమనండి, ఆ మార్కులు మీకూ పంపమనండి.

ప్రతి సారంలో కొంత భాగాన్ని సీలు వేసి మైనస్ 20లో దాచండి, తేదీ, చోటు, బ్యాచ్ నంబరుతో. ఒప్పందంలో కొత్త రసాయనం చేరిన రోజున మీ దగ్గర దాని వెనకటి ఏళ్ల చరిత్ర ఆ సీసాల్లో ఉంటుంది. లేబుల్ పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ద్రావకం తగిలితే చెరిగిపోతుంది.